మంచు మీద ‘ఇంటర్’ గట్టెక్కాలంటే...

స్కీయింగ్ నేర్చుకోవడం కష్టమా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మొదటి వారం కష్టం కాదండీ. పడతాం, లేస్తాం, నవ్వుకుంటాం. నాలుగో రోజుకల్లా కాళ్లకు కట్టుకున్న ఆ పొడుగాటి పలకలు కాస్తో కూస్తో మన మాట వినడం మొదలెడతాయి. అసలు కష్టమంతా ఆ తర్వాతే. కొంచెం వచ్చు, పూర్తిగా రాదు అన్న చోట చాలామంది ఏళ్ల తరబడి ఆగిపోతారు. ఆ చోటుకే స్కీయింగ్‌లో ‘ఇంటర్మీడియట్’ అని పేరు. కాలేజీలో ఇంటర్ రెండేళ్లలో అయిపోతుంది. ఈ ఇంటర్ మాత్రం సరైన గురువు దొరక్కపోతే జన్మంతా చదవాల్సిందే!

చలికాలంలో కాశ్మీర్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేం కాదు. గుల్మార్గ్‌లో దిగితే ఎక్కడో అక్కడ మన మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఎక్కువమంది అద్దె కోటు వేసుకుని, స్లెడ్జి బండి ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. కొందరికి మాత్రం ఆ జారుడు పిచ్చి పట్టుకుంటుంది. మళ్లీ మరుసటి ఏడు డబ్బు కూడబెట్టుకుని, సెలవు సంపాదించుకుని, ఇంట్లోవాళ్లను ఒప్పించుకుని వెళతారు. నేనూ ఆ కోవలోదాన్నే. మూడు చలికాలాలు గుల్మార్గ్ వెళ్లాను. అక్కడ ప్రైవేటు ఇన్‌స్ట్రక్టర్‌ను ఎలా ఎంచుకోవాలో చూసి తెలుసుకున్నది, అడిగి తెలుసుకున్నది మీతో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

ముందు మన సంగతి మనకు తెలియాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పేది ‘స్నోప్లవ్’. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెట్టి, లోపలి అంచులతో మంచును నొక్కుతూ వేగం తగ్గించుకోవడం. పిల్లలకైతే ‘పిజ్జా ముక్కలా పెట్టు’ అని చెబుతారు. ఆ తర్వాత వచ్చేది రెండు స్కీలనూ పక్కపక్కనే సమానంగా ఉంచి మలుపు తిరగడం. దీన్ని ‘ప్యారలల్’ అంటారు.

వాలు మెల్లగా ఉన్నచోట మీ స్కీలు పక్కపక్కనే చక్కగా పోతూ, కాస్త నిటారుగా కనిపించగానే మళ్లీ పిజ్జా ముక్క అయిపోతున్నాయా? కుడివైపు మలుపు బాగా వచ్చి, ఎడమవైపు మొండికేస్తోందా? పొద్దున మెత్తని మంచు మీద బాగానే ఉండి, సాయంత్రం గట్టిపడ్డ మంచు మీద కాళ్లు వణుకుతున్నాయా? అయితే మీరు అచ్చమైన ఇంటర్మీడియట్ అన్నమాట.

ఇక్కడ ఆగిపోవడానికి కారణం ధైర్యం లేకపోవడమో, వయసో, ఒళ్లో అనుకుంటాం మనం. చాలాసార్లు అవేవీ కాదు. భయం వేసినప్పుడు మనిషి ఒళ్లు తనంతట తానే కొండవైపు, అంటే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం మీద బరువు తగ్గుతుంది. బరువు లేని స్కీ తిరగదు. తిరగని స్కీ సూటిగా కిందికి దూసుకుపోతుంది. వేగం పెరుగుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులా ఇందులోనే తిరుగుతుంటాం. పైగా మనం ఎలా నిలబడ్డామో మనకు కనపడదు. నిటారుగానే ఉన్నామనుకుంటాం, చూసేవాళ్లకు కుర్చీలో కూర్చున్నట్టు కనిపిస్తాం. అందుకే ఈ దశలో మనల్ని బయటి నుంచి చూసే కన్ను ఒకటి కావాలి.

గుంపులోనా, ఒంటరిగానా?

అసలేమీ రానివాళ్లకు ప్రైవేటు ఇన్‌స్ట్రక్టర్ అవసరం లేదనే నా అభిప్రాయం. గుల్మార్గ్‌లో 1968లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ నేర్పే పద్ధతి ఒక క్రమంలో సాగుతుంది. మనాలీ సంస్థవాళ్లు సోలాంగ్ లోయలో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మెట్టుమెట్టుగా నేర్పిస్తారు. పొద్దున్నే లేపుతారు, వరసలో నిలబెడతారు, చేసిందే చేయిస్తారు. పునాదికి అది చాలా మంచిది. ఖర్చూ తక్కువే.

రెండో మెట్టుకొచ్చేసరికి ఒక్కొక్కరి లోపం ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరు వెనక్కి వాలతారు, ఒకరు భుజం తిప్పేస్తారు, ఇంకొకరు చూపు స్కీల కొసల మీదే పెట్టి కదల్చరు. పది పదిహేనుమంది గుంపులో గురువుగారి చూపు మన వాటాకు ఎంతసేపు వస్తుంది చెప్పండి? అందుకే ఇక్కడ డబ్బు ఖర్చుపెడితే గిట్టుబాటు అవుతుంది.

“మా ఆయనకు బాగా వచ్చు, ఆయనే నేర్పిస్తారు” అనేవాళ్లూ ఉన్నారు. భర్త పక్కన కూర్చుని కారు నేర్పిస్తే ఎలా ఉంటుందో మనలో చాలామందికి అనుభవమే కదా! బ్రేకు మీద కాలు పడేలోపే పక్కనుంచి కేక వినిపిస్తుంది. మంచు మీదా అంతే. బాగా స్కీ చేయడం ఒక విద్య, నేర్పడం మరో విద్య. పైగా ఇంటి మనిషి దగ్గర ‘నాకు భయంగా ఉంది’ అన్న మాట పైకి రాదు. వచ్చినా ‘ఏం కాదులే’ అన్న జవాబే వస్తుంది. డబ్బిచ్చి పెట్టుకున్న గురువుకైతే ఆ మాట నిక్కచ్చిగా చెప్పగలం. మిగతా రోజంతా కాపురంలో గొడవా ఉండదు.

ఆ కొండ తీరే అంత

గురువు ఎంపిక గుల్మార్గ్‌లో ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆ కొండ గురించి కాస్త తెలియాలి. శ్రీనగర్‌కు దాదాపు 50 కిలోమీటర్ల దూరం, సముద్ర మట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తు. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. 1948లో మన సైన్యం ఇక్కడే స్కీ స్కూలు ప్రారంభించింది. అదే తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఆడిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ కొండల పిల్లవాడే. నేర్పే పరంపరకు కొదవలేని ఊరు ఇది.

వాలుల సంగతి మాత్రం వేరు. ఊరి మధ్య గోల్ఫ్ మైదానం చుట్టుపక్కల చిన్నపిల్లలు కూడా జారగలిగే మెల్లని వాలులున్నాయి. అక్కడి నుంచి గొండోలా అనే తీగబండి రెండు అంచెల్లో పైకి తీసుకెళుతుంది. 1998లో మొదలైన మొదటి అంచె కొంగ్‌డూరి దాకా. 2005లో వచ్చిన రెండో అంచె అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు. ఆ పైన యంత్రాలతో చదును చేసిన బాటలు ఉండవు. ఎంత పడితే అంత మంచు, ఎటు చూస్తే అటు లోయ. దేశదేశాల నుంచి ఆరితేరినవాళ్లు వచ్చేది దానికోసమే.

మరి నడిమి మెట్టు వాళ్లకు? అదే చిక్కు. ఐరోపాలో వాలులకు పచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులు పెట్టి, ఎవరికి ఏది తగినదో బోర్డులు పెడతారు. గుల్మార్గ్‌లో నేర్చుకునే వాలుకూ పెద్ద కొండకూ మధ్య మెట్లు తక్కువ. మనకు తగిన వాలు ఏదో, ఏ పూట ఎక్కడ మంచు మెత్తగా ఉంటుందో తెలిసినవాడు పక్కన ఉండాలి. తెలియనివాడు తీసుకెళ్లి ఎక్కడ నిలబెడతాడో చెప్పలేం.

భయపెట్టడానికి కాదుగానీ, ఇది కూడా తెలిసి ఉండాలి. 2023 ఫిబ్రవరిలోనూ, 2024 ఫిబ్రవరిలోనూ గుల్మార్గ్ పై వాలుల్లో మంచు చరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు అనుభవం లేనివాళ్లేం కాదు. కాబట్టి ‘గైడ్’ వేరు, ‘ఇన్‌స్ట్రక్టర్’ వేరు అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గైడ్ దారి చూపిస్తాడు, చరియల ప్రమాదం అంచనా వేస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ నేర్పిస్తాడు. రెండూ చేయగలవాళ్లు ఉన్నారు కానీ, ‘మేడమ్, నేను గైడ్‌ని’ అన్న ప్రతివాడూ నేర్పలేడు.

ఎక్కడ వెతకాలి?

బండి దిగగానే చుట్టూ మూగుతారు. “మేడమ్‌జీ, స్కీ? బూటు? గైడ్?” అని. అక్కడికక్కడే మాట ఇచ్చేయకండి. హోటల్‌లో అడిగితే వాళ్లకు తెలిసినవాణ్ని పంపిస్తారు. ఒక్కోసారి మంచివాడే వస్తాడు, ఒక్కోసారి మేనేజరు బావమరిది వస్తాడు!

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. మొదటి రోజు పొద్దున ఒక గంట స్కీలు కట్టుకోకుండా, ఓ కప్పు కహ్వా చేతిలో పట్టుకుని వాలు పక్కన నిలబడండి. నేర్పేవాళ్లందరూ మీ కళ్లముందే ఉంటారు. ఎవరు ఎలా నేర్పుతున్నారో చూడండి. ఒకాయన గంటసేపు మాట్లాడుతూనే ఉంటాడు, శిష్యురాలు చలికి వణుకుతూ ఉంటుంది. ఒకాయన తను ముందు దూసుకెళ్లిపోయి కింద సెల్‌ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఇంకొకాయన శిష్యురాలి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి జారుతూ తీసుకొస్తాడు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. మొదటి రోజు వాళ్లకు అది అవసరం కూడా. నడిమి మెట్టు మీద ఉన్న మనకు మాత్రం అది ఊయలే. చెయ్యి వదలగానే విద్యా వదిలిపోతుంది.

మంచి గురువు కొంచెం కింద నిలబడి, మాట తక్కువగా, చూపు ఎక్కువగా ఉంటాడు. శిష్యురాలు ఎక్కువసేపు కదులుతూ ఉంటుంది. ఆగినప్పుడు ఒకే ఒక్క మాట చెప్పి మళ్లీ పంపిస్తాడు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు కనపడగానే, పాఠం అయ్యాక వాళ్ల శిష్యురాలినే వెళ్లి పలకరించండి. సాటి ఆడవాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు.

ఇక సర్టిఫికెట్లు. పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందా, ఏ సంస్థలో ఏ కోర్సు దాకా చేశారు అని అడగడానికి మొహమాటపడకండి. చలికాలంలో విదేశాల నుంచి వచ్చి నేర్పేవాళ్లూ కనపడతారు. బ్రిటన్, అమెరికా, కెనడా దేశాల ఇన్‌స్ట్రక్టర్ల సంఘాలు లెవెల్ వన్, టూ, త్రీ అంటూ అంచెలవారీగా పరీక్షలు పెడతాయి. మొదటి లెవెల్ ముఖ్యంగా కొత్తవాళ్లకు నేర్పడానికి. కనుక ఇంటర్మీడియట్ వాళ్లకు రెండో లెవెల్, ఆపైన ఉన్నవాళ్లయితే మేలు. అలాగని కాగితమే సర్వస్వం అనుకోవద్దు. ఆయనకు విద్య వచ్చునని కాగితం చెబుతుంది. మీకు చెప్పగలడా లేదా అన్నది మంచు మీదే తేలుతుంది.

బేరానికి ముందే అడగండి

ఎంత తీసుకుంటారు అన్న ప్రశ్నకన్నా ముందు అడగాల్సినవి కొన్నున్నాయి.

‘నాలాగా సగం నేర్చినవాళ్లకు ఎంతమందికి నేర్పారు?’ కొందరు ఎప్పుడూ కొత్తవాళ్లకే నేర్పి ఉంటారు.

‘మొదటి గంట ఎక్కడ మొదలెడదాం?’ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం మనిషి తెలిసిపోతాడు. ‘పైకి వెళదాం, భలే ఉంటుంది’ అన్నవాడికి నమస్కారం పెట్టేయండి. ‘ముందు మీరు జారి చూపించండి, ఆ తర్వాత చెబుతా’ అన్నవాణ్ని వదులుకోకండి.

‘మీరే వస్తారా, వేరేవాళ్లను పంపిస్తారా?’ పెళ్లిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద మరొకరిని కూర్చోబెట్టినట్టు, మాట్లాడేది అన్న, వచ్చేది తమ్ముడు.

‘ఈ డబ్బులో ఏమేం కలిసి ఉన్నాయి?’ మీ స్కీలు, బూట్ల అద్దె, గొండోలా టికెట్టు, ఆయన టికెట్టు - ఎవరు ఏది పెట్టుకోవాలో ముందే అనుకోవాలి. గాలి ఎక్కువై గొండోలా ఆగిపోతే డబ్బు ఏమవుతుంది అన్నదీ అడగండి. రెండో అంచె గాలికి ఆగిపోవడం అక్కడ మామూలే.

భాష సంగతికి వస్తే మనవాళ్లకు బెంగ అక్కర్లేదు. గుల్మార్గ్ వాళ్లు హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. మన హైదరాబాదీ హిందీ అయితే వాళ్లకు నవ్వు కూడా తెప్పిస్తుంది.

ఇద్దరు గురువులు, రెండు పొద్దుటి పూటలు

రెండో ఏడాది నాకు హోటల్‌వాళ్లు ఒక కుర్రాణ్ని కుదిర్చారు. మనిషి చురుకు, స్కీ మీద చేపపిల్లే. మొదటి రోజు పొద్దున్నే మొదటి అంచె దాటించి, సరాసరి రెండో అంచె పైకి తీసుకెళ్లాడు. కింద మేఘాలు, పైన ఎండ, ఊపిరి అందని ఎత్తు. “ఇక్కడ రెండుసార్లు దిగారంటే భయం పోతుంది మేడమ్” అన్నాడు. నేను ఎలా జారతానో అప్పటిదాకా అతను ఒక్కసారి కూడా చూడలేదు. నేను దిగనన్నాను. స్కీలు భుజాన వేసుకుని మళ్లీ గొండోలాలోనే కిందికి వచ్చాను. దారంతా అతను “మేడమ్ డర్‌పోక్” అన్నట్టే మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పూట డబ్బు మాత్రం లెక్క తప్పకుండా తీసుకున్నాడు.

రెండోరోజు వాలు పక్కన నిలబడి చూసి చూసి ఒక పెద్దాయనను ఎంచుకున్నాను. అరవై దాటి ఉంటాయి. మొదట అడిగింది, “భయం ఎక్కడ మొదలవుతుంది బేటీ? మలుపు ముందా, మలుపు మధ్యలోనా, అయ్యాకా?” నన్ను ఎవరూ అప్పటిదాకా అలా అడగలేదు. మలుపు మధ్యలో అని చెప్పాను. మెల్లని వాలు మీద రెండుసార్లు జారమన్నారు. కింద నిలబడి చూశారు. ఏమీ మాట్లాడలేదు.

తర్వాత చెప్పింది ఒకే ఒక్క విషయం. “ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద నిలబడు. కుడికి తిరగాలంటే ఎడమకాలి మీద. నువ్వు రెండు కాళ్లనూ సమానంగా నమ్ముతున్నావు. మలుపులో బయటి కాలినే నమ్మాలి.” అంతే. ఆ పూటంతా దానికే. చిన్నపిల్లలు జారే వాలు మీద, మలుపు తిరుగుతూ లోపలి స్కీ వెనక కొసను కొద్దిగా పైకెత్తమన్నారు. బరువు నిజంగా బయటి కాలి మీద ఉంటేనే లోపలి కాలు లేస్తుంది. లేకపోతే లేవదు. అబద్ధం చెప్పడానికి వీల్లేని పరీక్ష! ఆ తర్వాత స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, అంచులు వదిలి పక్కవాటుగా కిందికి జారి, మళ్లీ అంచులు బిగించి ఆగడం. దీన్ని ‘సైడ్ స్లిప్’ అంటారు. ఎక్కడైనా సరే, ఎంత నిటారుగా ఉన్నా సరే, దీనితో మెల్లగా కిందికి దిగిపోవచ్చు. “ఇది వచ్చాక ఏ వాలూ నిన్ను బంధించలేదు” అన్నారాయన.

ఆరేడేళ్ల పిల్లలు పక్కనుంచి రయ్యిమని పోతుంటే మొదట సిగ్గేసింది. తర్వాత మా సంగీతం పంతులమ్మగారు గుర్తొచ్చారు. వర్ణం దగ్గర గొంతు తడబడితే మారుమాట లేకుండా సరళీ స్వరాలకు తీసుకెళ్లేవారు. వర్ణంలో తప్పు వర్ణంలో దిద్దుకోలేం, తడబాటు తెలియకుండా పాడగలిగే చోటే దిద్దుకోవాలి అనేవారు. మంచు మీదా అదే సూత్రం. భయం లేని చోటే ఒళ్లు కొత్త పాఠం నేర్చుకుంటుంది. భయం వేసిన చోట పాత అలవాటునే పట్టుకుని వేలాడుతుంది. అందుకే నేను చెప్పేది ఒకటే: నడిమి మెట్టు మీద ఉన్నవాళ్లకు మంచి గురువు గుర్తు, పై వాలుకు తీసుకెళ్లడం కాదు. కింది వాలుకు దించడం.

మూడో రోజు ఆయన నన్ను మొదటి అంచె దగ్గరి వాలుకు తీసుకెళ్లారు. ముందు రోజుల్లో పిజ్జా ముక్కతో ఈడ్చుకుంటూ దిగిన చోట, ఆరు మలుపుల్లో నాలుగు రెండు స్కీలూ కలిపే తిరిగాను. మిగతా రెండింటిలో ఏం జరిగిందో ఆయన చెప్పకముందే నాకే తెలిసింది. ఆ తెలియడమే పెద్ద లాభం.

ఆడవాళ్లుగా చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు మోకాళ్లు. స్కీయింగ్‌లో మోకాలి లోపలి కట్టు - డాక్టర్లు ‘ఏసీఎల్’ అంటారు - తెగడం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. వెనక్కి వాలి పడటం దీనికి ఒక ముఖ్య కారణం. తొడలకు, పిరుదులకు బలమిచ్చే వ్యాయామం ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు నుంచి చేయాలి. గోడకు వీపు ఆనించి గాలికుర్చీ వేసినట్టు కూర్చోవడం, మెట్లెక్కడం, గుంజీలు - ఇంట్లో చేసుకునేవే.

పడినప్పుడు బూటు నుంచి స్కీ దానంతట అదే ఊడిపోవాలి. ఆ పట్టును ‘బైండింగ్’ అంటారు. మన బరువు, ఎత్తు, వయసు, బూటు కొలత, మన నైపుణ్యం చూసి దాన్ని బిగిస్తారు. కనుక అద్దె దుకాణంలో బరువు అడిగితే దయచేసి నిజం చెప్పండి! తగ్గించి చెబితే మలుపు మధ్యలోనే స్కీ ఊడిపోతుంది. వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చని గొప్పకు పోతే ఊడాల్సినప్పుడు ఊడదు. మంచి గురువు పాఠానికి ముందు మీ బూట్లు, బైండింగ్ తనే ఒకసారి చూస్తాడు. మోకాలి కింద ఎముక బూటు ముందు నాలుకకు ఆనుతోందా, మడమ లోపల లేస్తోందా అని అడుగుతాడు. అడగకపోతే అదీ ఒక గుర్తే.

నేర్పేటప్పుడు భుజమో, చెయ్యో సరిచేయాల్సి రావచ్చు. ముందు అడిగి, చెప్పి ముట్టుకునేవాడు పద్ధతైన మనిషి. ఇబ్బంది అనిపిస్తే “మాటతో చెప్పండి, లేదా మీరు చేసి చూపించండి” అని వెంటనే చెప్పేయండి. కర్రతో చూపించి కూడా అన్నీ నేర్పవచ్చు. ఆడ ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మరీ మంచిది. సంఖ్య తక్కువే అయినా అడిగితే దొరకవచ్చు. 2018 జనవరిలో టర్కీలో కంచు పతకం గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చింది మనాలీ దగ్గరి పల్లె అమ్మాయి ఆంచల్ ఠాకూర్. మన ఆడపిల్లలు ఈ ఆటలో వెనకబడి లేరన్న సంగతి గుర్తుంచుకుని మరీ అడగండి.

డబ్బు, రోజులు

వారానికి మొత్తం ఒకేసారి మాట్లాడుకోవద్దు. మొదట రెండు గంటలు లేదా ఒక పూట మాత్రమే. నచ్చితే పొడిగించండి, నచ్చకపోతే మర్యాదగా డబ్బిచ్చి నమస్కారం చెప్పండి. మొహమాటానికి పోయి వారమంతా భరించనక్కర్లేదు.

రోజంతా గురువును పెట్టుకోవడం కూడా దండగే. పొద్దున రెండు గంటలు పాఠం, మధ్యాహ్నం మనంతట మనం సాధన, మర్నాడు పొద్దున మళ్లీ గురువు. ఇలా మూడు రోజులు చేస్తే ఆరు గంటల డబ్బుతో చాలా దూరం వెళతాం. మధ్యలో సాధన లేని పాఠం, మరగపెట్టకుండా దించిన చారులాంటిది. ఒక స్నేహితురాలు మీ స్థాయిలోనే ఉంటే ఇద్దరూ కలిసి ఒకే గురువును మాట్లాడుకోండి. ఖర్చు సగం. ఒకరు జారుతుంటే ఇంకొకరు చూసి నేర్చుకోవచ్చు. స్థాయిలో తేడా ఉంటే మాత్రం వద్దు. గురువు ఎవరో ఒకరివైపే మొగ్గుతాడు.

మంచు మన చేతిలో లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నెల చివరిదాకా మంచే లేక కొండలు గోధుమరంగులో బోసిగా నిలబడ్డాయి. ఔలీ వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మాట. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగాక అక్కడి రోప్‌వే ఆపేశారు. దారి ఎలా ఉందో కనుక్కునే బయలుదేరండి. ఎక్కడికి వెళ్లినా ప్రయాణ బీమా కాగితంలో మంచు ఆటలకు వర్తిస్తుందా లేదా అన్న వాక్యం వెతకండి. చాలా పాలసీల్లో అది మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

ఇవి గుర్తుంచుకోండి

* మీరు జారడం చూడకుండానే పై వాలుకు తీసుకెళ్లేవాడు వద్దు.

* ఒక పూటలో ఒకటి, మహా అయితే రెండు విషయాలు చెప్పేవాడు మంచి గురువు. పది చెప్పేవాడి దగ్గర ఒక్కటీ ఒంటబట్టదు.

* ‘ఎందుకు?’ అని అడిగితే విసుక్కోకుండా చెప్పాలి.

* ‘భయంగా ఉంది’ అంటే నవ్వకూడదు. ఎక్కడ, ఎప్పుడు అని అడగాలి.

* పాఠం అయ్యాక మీ అంతట మీరు చేసుకోవడానికి ఒక సాధన చెప్పి పంపాలి.

* మీరు జారేటప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీయించుకోండి. మనకు కనపడని మన వాలకం అందులో కనిపిస్తుంది.

* గొండోలా రెండో అంచె పైన, చదును చేయని మంచులోకి గైడ్ లేకుండా, చరియల్లో చిక్కితే ఆచూకీ తెలిపే ట్రాన్స్‌సీవర్, పార, పొడుగు కడ్డీ లేకుండా అడుగుపెట్టవద్దు.

చివరిగా ఒక్క మాట. గురువు పక్కన ఉన్నంతసేపు బాగా జారగలిగి, ఆయన వెళ్లగానే మళ్లీ మొదటికొస్తే ఆ డబ్బు వృథా అయినట్టే. ‘రేపు నేను రాను, నీకే వచ్చు’ అని చెప్పగలిగే మనిషే అసలైన గురువు. మా పెద్దాయన నాలుగో రోజు అన్న మాట అదే. ఆ రోజు నేను ఒక్కదాన్నే లిఫ్ట్ ఎక్కాను, ఒక్కదాన్నే దిగాను. ఈ చలికాలం మీరూ బయలుదేరుతుంటే ముందు వాలు పక్కన నిలబడి ఒక గంట చూడండి. ఆ తర్వాతే స్కీలు కట్టుకోండి.